నొప్పి మాత్రలూ, పడిపోయిన కాళ్లూ

అనంతపురం పల్లెల్లో చింతచెట్టు మీంచి జారిపడ్డా, తాడిపత్రి వైపు బండల గనుల్లో నడుము మీద రాయి పడ్డా ఊళ్లో వినిపించే మాట ఒకటే: ‘కాళ్లు పడిపోయాయంట.’ కొన్నాళ్లకు ఆ మంచం పక్కన నొప్పి మాత్రల అట్ట ఒకటి చేరుతుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్... మెడికల్ షాపులో అడిగితే ఇచ్చేస్తారు.

అలా కాళ్లు పడిపోవడానికి కారణం వెన్నుపాము దెబ్బతినడం. వాపు తగ్గించే ఈ మందులను వెన్నుపాము రోగుల మీద పరీక్షించింది నొప్పి కోసమే కాదు. 1918లో ఫ్రెంచి డాక్టరు అగస్టా దెజెరిన్-క్లుంప్కే, సేలియే కలిసి ఒక వింత నమోదు చేశారు. యుద్ధంలో వెన్నుపాము దెబ్బతిన్న సైనికుల తుంటి, మోకాళ్ల చుట్టూ కండల్లో కొత్త ఎముక పెరుగుతోంది! కీలు బిగుసుకుపోతే మనిషిని కుర్చీలో కూర్చోబెట్టడం కూడా కష్టమే. దానికి మందు దొరకడానికి చాలా కాలం పట్టింది. ఈ ఆస్పిరిన్ జాతి మందులు ప్రోస్టాగ్లాండిన్ల (వాపు, నొప్పి పుట్టించే ఒంట్లోని రసాయనాల) తయారీని ఆపుతాయని బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ వేన్ 1971లో చూపించాడు. ఎముక పెరగడంలోనూ ఆ ప్రోస్టాగ్లాండిన్ల పాత్ర ఉంది. 2001లో 33 మంది రోగులపై అధ్యయనం జరిగింది. ఇదే జాతి మందు ఇండోమెథాసిన్‌ను రోజుకు 75 మిల్లీగ్రాముల చొప్పున మూడు వారాలు వాడినవారిలో ఈ ఎముక తక్కువమందికే వచ్చింది.

ఇంతకన్నా పెద్ద ఆశ 2007లో పుట్టింది. నరాల పెరుగుదలకు అడ్డుపడే ‘రో-ఏ’ అనే ప్రొటీన్‌ను ఐబుప్రోఫెన్ అణచివేస్తుందని, ఎలుకల్లో నడక మెరుగైందని తేలింది. చవక మాత్రతో కాళ్లు వస్తాయంటే ఎవరికి ఆశ పుట్టదు? కానీ 2013లో మరో ల్యాబ్ అదే ప్రయోగం మళ్లీ చేస్తే నరాలు తిరిగి పెరగలేదు. బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రి వైద్యులు 12 మంది రోగుల కోసం రూపొందించిన ఐబుప్రోఫెన్ పరీక్ష ముందుగా చూడాలనుకున్నది మందు సురక్షితమేనా అన్నదే.

ఇక నొప్పి. చక్రాల కుర్చీ తోసి తోసి భుజం లాగేస్తుంటే ఈ మాత్ర పనిచేస్తుంది. కాళ్లలో మంట, కరెంటు షాక్ కొట్టినట్టుండే నరాల నొప్పికి పెద్దగా పనిచేయదు. దానికి ప్రీగాబాలిన్, గాబాపెంటిన్ లాంటివి ఇస్తారు. ఇది చెప్పేవాళ్లు లేకే చాలామంది మాత్రలు పెంచుకుంటూ పోతారని నా అనుమానం.

అసలు చిక్కు అక్కడే. కడుపు పొరను, కిడ్నీలకు వెళ్లే రక్తాన్ని కాపాడేది కూడా ప్రోస్టాగ్లాండిన్లే. దెబ్బ ఛాతీ ఎత్తులో తగిలినవాళ్లకు కడుపులో పుండు పడినా నొప్పి సరిగా తెలియదు. మూత్రాశయం పట్టు తప్పడంతో కిడ్నీలకు ముందే ముప్పు ఉంటుంది. పైగా కిడ్నీల పనితీరు తెలుసుకోడానికి రక్తంలో కొలిచే క్రియాటినిన్ కండ నుంచి పుట్టేదే; కండ కరిగిపోయిన మనిషిలో అది ఎలాగూ తక్కువే. కిడ్నీ దెబ్బతింటున్నా రిపోర్టులో ‘నార్మల్’ అనే రావచ్చు. అందుకే అలాంటివారికి కండ మీద అంతగా ఆధారపడని సిస్టాటిన్-సి అనే రక్తపరీక్ష చేయిస్తారు.