రాకెట్ పుల్ల ఎక్కడ పడుతుంది?

బాలానగర్, హైదరాబాద్

అమ్ములూ, చిన్నా,

దీపావళికి మీరొచ్చినప్పుడు మేడ మీద తారాజువ్వలు కాల్చాం కదా. మర్నాడు పొద్దున్నే చిన్నా సందు చివరిదాకా వెళ్లి కాలిపోయిన పుల్లలన్నీ ఏరుకొచ్చాడు. అప్పుడు అమ్ములు అడిగింది: "తాతయ్యా, శ్రీహరికోట రాకెట్ పుల్ల ఎక్కడ పడుతుంది? దాన్నెవరు ఏరుకుంటారు?" జూబ్లీ బస్‌స్టేషన్‌లో కరీంనగర్ బస్సుకి టైం అయిపోతోందని ఆ రోజు సగం సగం చెప్పి పంపేశాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

సముద్రంలో పడుతుందమ్మా. ఎవరూ ఏరుకోరు. ప్రయోగానికి ముందే ఫలానా చోటికి వెళ్లొద్దని జాలర్లకు చెబుతారు. రాకెట్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చిన భాగాలుంటాయి, వాటినే దశలంటారు. మండిపోయిన దశలు ఒక్కొక్కటే విడిపోయి నీళ్లలో పడి మునిగిపోతాయి. ఈ మాట రాస్తుంటే నాకు కొంచెం కష్టంగానే ఉంటుంది. ముప్పై ఏళ్లు లేత్ మిషన్ మీద పనిచేసినవాణ్ణి. మా వర్క్‌షాపుకి రాకెట్ పనులు కూడా వచ్చేవి. ఒక రింగు తీయడానికి రెండు రోజులు పట్టేది. ఒకసారి కొలతలన్నీ సరిగ్గానే ఉన్నా, లోపలి అంచున కంటికి ఆనని గీత ఉందని ఇన్‌స్పెక్షన్‌లో వెనక్కి పంపారు. మళ్లీ మొదటినుంచి చేశాను. అంత జాగ్రత్తగా చేసిన వస్తువు పనిచేసేది కొన్ని నిమిషాలే. తర్వాత సముద్రం పాలు.

మరి ఎందుకు పారేయాలి? ఎడ్లబండి మీద దూర ప్రయాణం అనుకోండి. దారిలో గడ్డి దొరకదు, ఎద్దుల మేత కూడా బండి మీదే వేసుకోవాలి. మేత బరువు పెరిగితే ఇంకో జత ఎద్దులు కావాలి, వాటికి ఇంకొంత మేత కావాలి. రాకెట్ కష్టం సరిగ్గా ఇదే. మన ఇస్రో రాకెట్ పీఎస్‌ఎల్‌వీలో పెద్ద రకం ఎక్స్‌ఎల్. దాని బరువు దాదాపు 320 టన్నులు. అందులో 260 టన్నులకు పైగా ఇంధనమూ, దాన్ని మండించే పదార్థమూనే. ఇంతా చేసి 600 కిలోమీటర్ల ఎత్తున ధ్రువాల మీదుగా తిరిగే కక్ష్యలోకి అది మోసుకెళ్లేది సుమారు 1,750 కిలోలు. అందుకే ఖాళీ అయిన ట్యాంకును ఇంకా మోయడం దండగని దారిలోనే వదిలేస్తారు.

ఎత్తుకు వెళ్లడం ఒక్కటే అయితే ఇంత మేత అక్కర్లేదు. 2022 నవంబర్ 18న మన హైదరాబాద్ కంపెనీ స్కైరూట్ తయారుచేసిన విక్రమ్-ఎస్ 89.5 కిలోమీటర్ల ఎత్తు దాకా వెళ్లి బంగాళాఖాతంలో పడింది. మన దేశంలో ప్రైవేటు వాళ్లు ఎగరేసిన మొదటి రాకెట్ అదే. అది పడిపోవడం తప్పు కాదు, దాన్ని కక్ష్య కోసం చేయలేదు. కక్ష్యలో నిలవాలంటే పక్కకు సెకనుకు దాదాపు 7.8 కిలోమీటర్ల వేగం కావాలి. ఆ వేగంతో హైదరాబాద్ నుంచి విజయవాడకి 35 సెకన్లు. మేతలో ఎక్కువ భాగం ఆ వేగానికే ఖర్చవుతుంది. అదే కంపెనీ కక్ష్య కోసం చేస్తున్న రాకెట్ పేరు విక్రమ్-1.

ఇంతకీ అమ్ములు అసలు ప్రశ్న ఏరుకోవడం గురించి కదా. ఏరుకోవాలంటే రాకెట్ వెనక్కి రావాలి. వెనక్కి రావాలంటే ఇంజిన్‌ని ఆపి, మళ్లీ వెలిగించగలగాలి. తారాజువ్వని ఒకసారి అంటిస్తే ఆపగలమా? పీఎస్‌ఎల్‌వీ మొదటి దశ అలాంటిదే, ఘన ఇంధనం. ద్రవ ఇంధనమైతే మీ అమ్మమ్మ గ్యాస్ పొయ్యి లాంటిది, నాబ్ తిప్పి తగ్గించొచ్చు, ఆపొచ్చు, మళ్లీ వెలిగించొచ్చు. అమెరికాలో స్పేస్‌ఎక్స్ వాళ్ల ఫాల్కన్-9 చేసేది ఇదే. మొదటి దశ విడిపోయాక కొంచెం ఇంధనం మిగుల్చుకుని, కిందికి దిగేటప్పుడు ఇంజిన్ వెలిగించి వేగం చంపుకుని, నాలుగు కాళ్ల మీద నిలబడుతుంది. మొదటిసారి అలా దిగింది 2015 డిసెంబర్‌లో. ఇప్పుడు ఒక్కో దశ 30 సార్లకు పైగా ఎగిరినవీ ఉన్నాయి. పైదశని మాత్రం వాళ్లూ పారేస్తూనే ఉన్నారు. ఇంకా పెద్దది స్టార్‌షిప్. 2024 అక్టోబర్ 13న దాని కింది భాగం, ఇరవై అంతస్తుల ఎత్తున్నది, తిరిగొస్తుంటే లాంచ్ టవర్‌కున్న రెండు ఇనుప చేతులు గాల్లోనే పట్టుకున్నాయి. ఆ వీడియో నేను ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు.

అయితే తిరిగి రావడం కొత్త ఆలోచనేం కాదు. అమెరికా స్పేస్ షటిల్ 1981 నుంచి 2011 దాకా 135 సార్లు ఎగిరింది. కక్ష్య నుంచి వచ్చేటప్పుడు గాలిని ఒరుసుకుంటూ రావాలి, ఒళ్లు కొలిమిలా కాగుతుంది. అందుకే దానికి ఇరవై వేలకు పైగా వేడిని తట్టుకునే పలకలు అంటించేవాళ్లు. ప్రతిసారీ వాటిని తనిఖీ చేసి బాగుచేయడానికి నెలలు పట్టేది, అనుకున్నట్టు చవక కాలేదు. 2003లో కొలంబియా అనే షటిల్ పైకి వెళ్తున్నప్పుడు ట్యాంకు నుంచి ఊడిన నురుగు ముక్క ఎడమ రెక్కకు తగిలింది. తిరిగొస్తుంటే ఆ చిల్లులోంచి మంట లోపలికి పోయింది. అందులో ఉన్న ఏడుగురూ చనిపోయారు, వాళ్లలో మన కల్పనా చావ్లా ఒకరు. ఫిబ్రవరి 1 ఆ రోజు. మీ నాన్న అప్పుడు కాలేజీలో ఉన్నాడు, ఆ రాత్రి ఇంట్లో ఎవరం సరిగ్గా అన్నం తినలేదు.

ఇస్రో కూడా ఈ పనిలో దిగింది. పుష్పక్ అనే రెక్కల నమూనాని కర్ణాటకలోని చిత్రదుర్గ దగ్గర హెలికాప్టర్‌తో నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తుకి తీసుకెళ్లి వదిలారు. దానంతటదే రన్‌వే వెతుక్కుని దిగింది. 2023, 2024లో కలిపి మూడుసార్లు చేసి చూశారు. ఇక రాబోయే పెద్ద రాకెట్‌కి 2024 సెప్టెంబర్‌లో కేంద్ర కేబినెట్ 8,240 కోట్లు మంజూరు చేసింది. దగ్గరి కక్ష్యకు 30 టన్నులు మోయాలి, మొదటి దశ తిరిగి రావాలి. దానికి ఇంధనంగా మీథేన్ అనుకుంటున్నారు. కిరోసిన్‌లా మసి పట్టించదు కాబట్టి మళ్లీ మళ్లీ వాడే ఇంజిన్‌కి నప్పుతుంది.

నా అభిప్రాయం ఒకటి చెబుతాను. ఇన్నాళ్లూ పారేసినవాళ్లు తెలివితక్కువవాళ్లు కారు. దిగడానికి మిగుల్చుకునే ఇంధనం వల్ల మోసే బరువు తగ్గుతుంది. ఏడాదికి నాలుగైదు ప్రయోగాలే ఉంటే తిరిగి తెచ్చుకోవడం గిట్టదు. వారానికొకటి ఎగిరితేనే గిట్టుతుంది. అయినా నాకు మాత్రం చేసిన వస్తువు తిరిగొస్తే చూడాలనే ఉంది. తిరిగొచ్చిన దాన్ని విప్పి ఎక్కడ అరిగిందో, ఎక్కడ పగుళ్లిచ్చిందో చూసి పనివాడు నేర్చుకోవచ్చు. మా కాలంలో మాకు ఆ వీలు లేదు. కంచన్‌బాగ్‌లో మిధాని అనే లోహాల ఫ్యాక్టరీ వాళ్లు రాకెట్ మోటార్ల కోసం చేసే ప్రత్యేకమైన ఉక్కు కూడా చివరికి సముద్రం అడుగునే ఉంది.

ఈ ఉత్తరంతో పాటు పార్సిల్లో ఒక అల్యూమినియం రింగు పంపుతున్నాను. అసలు పని మొదలుపెట్టే ముందు చేసి చూసుకున్న ట్రయల్ ముక్క అది. లోపలి అంచు మీద నెమ్మదిగా గోరు నడపండి. ఒకచోట తట్టుకుంటుంది. ఆ చోటు ముందు ఎవరికి దొరికిందో ఫోన్ చేసి చెప్పండి.

మీ తాతయ్య