మంద తిప్పే కుక్క: "ఉస్కో" అంటే సరిపోదు

జీవాలు మేపుతూ, కుక్కలకు మంద పని నేర్పుతూ ఉంటాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్ల నోట ఎక్కువగా వినబడే మాటలు ఇవి.

అపోహ: ఉస్కో అనగానే గొర్రెల మీదికి ఉరికితే ట్రైనింగ్ అయినట్టే.

వాస్తవం: అది వేట, మంద పని కాదు. ప్రతి గొర్రెకూ ఒక హద్దు ఉంటుంది. కుక్క ఆ హద్దు దగ్గరికి వస్తే గొర్రె కదులుతుంది, దాటి వస్తే బెదిరి చెల్లాచెదురవుతుంది. ఆ అంచున కుక్కను ఆపగలిగితే సగం పని అయిపోయినట్టే.

చిన్న దొడ్డిలో ఐదారు గొర్రెలను ఉంచండి, కుక్కలంటే అలవాటు ఉన్నవైతే మంచిది. కుక్కకు పొడవాటి తాడు కట్టండి. గడియారంలో ఆరు దగ్గర మీరు నిలబడ్డారనుకోండి, మంద పని రక్తంలో ఉన్న కుక్క చుట్టూ తిరిగి పన్నెండు దగ్గరికి చేరుతుంది. గొర్రెలు మధ్యలో ఉంటాయి. మీరు పక్కకు రెండడుగులు వేస్తే అదీ జరిగి మళ్లీ మీకు ఎదురుగా సర్దుకుంటుంది. ఎవరూ నేర్పని ఆ పని మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. అప్పుడు "ఆగు" అనండి. ఆగితే మీరు మెల్లగా వెనక్కి నడవండి, గొర్రెలను మీ వెంట తోలుకొస్తుంది. పది నిమిషాలు చాలు, అలసిన కుక్క మాట వినదు.

నా మొదటి కుక్కకు "ఆగు" రాకముందే తాడు విప్పాను. మందను బీడంతా తరిమింది. రెండు చూడి గొర్రెలు ఈచుకుపోయాయి, అంటే కడుపు పోయింది. తప్పు కుక్కది కాదు, నాది. అందుకే ఆగడం, పిలిస్తే రావడం, ఈ రెండూ ఇంటి దగ్గరే గట్టిపడ్డాకే గొర్రెలను చూపించమంటాను.

అపోహ: పిల్లప్పుడే మందలో వదిలితే అదే నేర్చుకుంటుంది.

వాస్తవం: కాపలా కుక్కకైతే ఇది నిజం. గొర్రెల మధ్య పెరిగితే వాటిని తనవిగా చూసుకుంటుంది. మంద తిప్పాల్సిన పిల్లను మాత్రం ఎనిమిది, పది నెలలు వచ్చేదాకా ఆపండి. గొర్రె కంటే వేగంగా పరిగెత్తలేని పిల్లను పొట్టేలు ఒక్కసారి కుమ్మితే, ఆ భయం పోవడం చాలా కష్టం.

అపోహ: బోర్డర్ కోలీని కొంటే చాలు, మిగతాది అదే చేస్తుంది.

వాస్తవం: ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దు కొండల్లో ఈ పని కోసమే పెంచిన జాతి అది. 1893లో పుట్టిన ఓల్డ్ హెంప్ అనే కుక్కను ఈ జాతికి మూలపురుషుడిగా చెప్పుకుంటారు. పుట్టుకతో ఆసక్తి వస్తుంది కానీ ఆగడం రాదు. పైగా దట్టమైన బొచ్చు. మన ఎండాకాలంలో దానికి తెల్లవారుజామునే పని, నీడా నీళ్లూ ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. మన ఊరకుక్కలకు ఎక్కువగా ఉండేది కాపలా గుణం. మంద వెనక నడవడం, దారి తప్పినదాన్ని అదిలించడం వాటిలో కొన్నింటికి నేర్పవచ్చు. బోర్డర్ కోలీలా చుట్టు తిరిగి రమ్మంటే మాత్రం అన్యాయం.

అపోహ: చచ్చిన గొర్రె పేగులు, కాలేయం పెడితే కుక్కకు బలం.

వాస్తవం: దయచేసి పెట్టకండి. గొర్రె కాలేయంలో, ఊపిరితిత్తుల్లో నీటి తిత్తులు ఉంటే, వాటిని తిన్న కుక్క పొట్టలో బద్దెపురుగులు పెరుగుతాయి. వాటి గుడ్లు కుక్క మలంతో మేత మీద పడి మళ్లీ గొర్రెలకు, చేతుల ద్వారా మన పిల్లలకూ చేరతాయి. చచ్చిన జీవాన్ని లోతుగా పూడ్చండి. కుక్కకు బద్దెపురుగుల మందు ఎన్నాళ్లకోసారి వేయాలో పశువుల డాక్టర్‌ను అడగండి. రేబిస్ టీకా ఏటా తప్పనిసరి.