పట్టుచీర బీరువాలోనే పాడవుతుంది

పెళ్లిలో ఒక్క పూట కట్టి బీరువాలో దాచిన పట్టుచీరను పదేళ్ల తరువాత విప్పి చూస్తే, మడత పడిన చోటల్లా గీత గీసినట్టు చిరిగి, అంచు నల్లబడి కనిపించడం చాలా ఇళ్లలో ఎదురయ్యే అనుభవమే. మా అమ్మ పెళ్లిచీర అలాగే పోయింది. కట్టనైనా కట్టలేదే, ఎలా చిరిగిందని ఆమె ఎన్నాళ్లో బాధపడింది. ఒకే మడతలో కదలకుండా ఉండిపోవడమే దానికి చేటు చేసిందన్న సంగతి, పట్టు ఏమిటో, జరీ ఏమిటో తెలిసినప్పుడు గాని నాకు బోధపడలేదు.

పట్టుపోగు ప్రోటీన్. మన తలవెంట్రుక కూడా ప్రోటీనే కాబట్టి, పట్టును వెంట్రుకకు దూరపు చుట్టంగా భావించవచ్చు. పట్టుపురుగు గూడు కట్టుకునేటప్పుడు ఫైబ్రాయిన్ అనే ప్రోటీన్ పోగులను రెండింటిని ఒకేసారి వదులుతూ, సెరిసిన్ అనే జిగురుతో వాటిని కలిపి అంటిస్తుంది. ముడిపట్టును ఉడకబెట్టి ఈ జిగురును తీసేసినప్పుడు దాని బరువులో సుమారు నాలుగో వంతు తగ్గిపోతుంది. మెత్తదనమూ మెరుపూ బయటపడేది అప్పుడే. ఫైబ్రాయిన్ పోగును అడ్డంగా కోస్తే గుండ్రంగా కాక ఇంచుమించు మూడు పలకలుగా ఉంటుంది. ఆ పలకల మీద పడిన వెలుగు ఒక్కో వైపు నుంచి ఒక్కో రకంగా ప్రతిఫలించడం వల్లే పట్టుకు ఆ మెరుపు. పడుగు ఒక రంగులో, పేక మరో రంగులో నేసిన చీరలో అయితే, చూసే కోణాన్ని బట్టి ఒకసారి పడుగు, ఒకసారి పేక మెరుస్తాయి కనుక నడుస్తుంటే రంగులు మారుతున్నట్టు అనిపిస్తుంది.

జరీ సంగతి వేరు. అసలు జరీలో పట్టుదారం చుట్టూ పలుచగా సాగదీసిన వెండి తీగను చుట్టి, దాని మీద బంగారు పూత పూస్తారు. టెస్టెడ్ జరీలో వెండి తీగకు బదులు రాగి తీగ ఉంటుంది. చవక రకాల్లో మెరిసేది లోహపు పూత పూసిన ప్లాస్టిక్ పొర. కొనేటప్పుడు సిల్క్ మార్క్ చీటీ చూసుకోవడం మంచిదే. కాని అది పట్టు స్వచ్ఛతకు పూచీ పడుతుంది తప్ప జరీ గురించి ఏమీ చెప్పదు కాబట్టి, జరీ ఏ రకమో విడిగా అడిగి బిల్లులో రాయించుకోవాలి. పట్టు విషయంలో అనుమానముంటే కొంగు చివరి కుచ్చు నుంచి ఒక పోగు తీసి కాల్చి చూడవచ్చు: పట్టయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, మిగిలిన నల్లని పూస వేళ్ల మధ్య నలిపితే పొడి అవుతుంది, పాలిస్టర్ అయితే కరిగి గట్టి ఉండగా మిగులుతుంది.

వెండి కుంది నల్లబడినట్టే జరీ కూడా నల్లబడుతుంది. గాలిలోని గంధక వాయువులు పూత పలుచబడిన చోట వెండితో కలిసి వెండి సల్ఫైడ్ అనే నల్లని పొరగా మారతాయి. చెమటలోని ఉప్పు ఈ పనికి తోడవుతుంది. రబ్బరులో కూడా గంధకం ఉంటుంది కనుక మడతపెట్టిన చీరకు రబ్బరు బ్యాండు వేయడం పెద్ద పొరపాటు. అత్తరు, సెంటు చీర కట్టుకోక ముందే పూసుకొని, ఆరిన తరువాతే కట్టుకోవాలి.

ఉతికే విషయంలో మన పెద్దలు కుంకుడుకాయను ఎంచుకోవడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. ప్రోటీన్‌ను క్షారం దెబ్బతీస్తుంది. బట్టల సబ్బులు, సోడా క్షార స్వభావం కలవి. కుంకుడు రసం కొద్దిగా ఆమ్ల గుణంతోనే నురగనిస్తుంది. పైగా కొన్ని సర్ఫు పొడులలో రక్తం, పాలు వంటి మరకలను విరగ్గొట్టడానికి ప్రోటీన్‌ను కరిగించే ఎంజైములు కలుపుతారు. అవి మరకకూ పట్టుకూ తేడా చూడవు. క్లోరిన్ బ్లీచ్ అయితే పట్టును ఏకంగా కరిగించేస్తుంది. తడిసినప్పుడు నూలు బలపడుతుంది, పట్టు బలహీనపడుతుంది. అందుకే పట్టును పిండకూడదు. నూలు ఒళ్లు, పట్టు అంచు కలిగిన గద్వాల చీరను నీళ్లలో నానబెడితే రెండూ ఒకే తీరున కుంచించుకోక అంచు ముడతలు పడవచ్చు. ఫాల్ విషయమూ ఇంతే: ముందుగా తడిపి ఆరబెట్టని నూలు ఫాల్ కుట్టిస్తే, తొలి ఉతుకులోనే అది కుంచించుకుపోయి కుచ్చిళ్ల అడుగు భాగాన్ని పైకి లాగేస్తుంది. భారీ జరీ చీరను మాత్రం డ్రై క్లీనింగుకు ఇవ్వడమే మేలని నా అభిప్రాయం.

కట్టుకునేటప్పుడు బరువైన అంచు కిందికి లాగడం వల్ల కుచ్చిళ్లు వాటంతటవే నిటారుగా నిలుస్తాయి. భుజం మీద పైట బరువంతా ఒక్క పిన్ను మీద పడితే ఆ చోటి నాలుగు పోగులే దాన్ని మోయాలి; పైట మడతలన్నిటినీ కలిపి, రవిక కుట్టు మీదుగా పిన్ను పెడితే ఆ భారం పంచుకోబడుతుంది. పట్టు తన బరువులో సుమారు 11 శాతం తేమను పీల్చుకోగలదు, పాలిస్టర్ అర శాతం కూడా పీల్చదు. ఉగాది ఎండల్లో పాలిస్టర్ ఉక్కపోయడానికి ఇదొక కారణం. అయితే ఆ గుణం వల్లే పట్టు చెమటను తనలో దాచుకుంటుంది.

కట్టి విప్పిన చీరను వెంటనే మడవకుండా, ఎండ తగలని చోట ఒక రాత్రి ఆరనివ్వాలి. ఎండలోని అతినీల కిరణాలు పట్టును పసుపురంగుకు తిప్పి పెళుసుగా మారుస్తాయి. తరువాత పాత నూలు గుడ్డలో చుట్టాలి. ప్లాస్టిక్ సంచిలో తేమ చిక్కుకుంటుంది. కలరా ఉండలు చీరకు తగలకుండా గుడ్డలో మూటగట్టి, పై అరలో ఉంచాలి, ఎందుకంటే వాటి ఆవిరి గాలికంటే బరువైనది, కిందికి దిగుతుంది. వాటితో దాచిన బట్టలను పసిపిల్లలకు నేరుగా కప్పకూడదు; జి6పిడి అనే ఎంజైము లోపమున్న పిల్లల్లో ఆ ఆవిరి ఎర్ర రక్తకణాలను నాశనం చేస్తుంది.

ఇక మడత. వంగిన చోట జరీ తీగ గట్టిపడి, చివరికి తెగి, పక్కనున్న పట్టుపోగులను కోస్తుంది. మూడు నెలలకోసారి చీరను పూర్తిగా విప్పి, కాసేపు నీడలో గాలికి ఉంచి, ఈసారి మడత బెత్తెడు పక్కకు పడేలా మళ్లీ మడవాలి.