ఏ బీట చచ్చింది, ఏది బతికుంది?

2024 డిసెంబరు 4 ఉదయం ఏడున్నర కావస్తుండగా ములుగు జిల్లాలో భూమి కదిలింది. తీవ్రత 5.3. హైదరాబాద్, విజయవాడల దాకా తెలిసింది. "మన దగ్గర భూకంపమేంటి?" అని చాలామంది ఆశ్చర్యపోయారు. నిజానికి 1969లోనే భద్రాచలం దగ్గర 5.7 వచ్చింది. మనం మరిచిపోయాం, అంతే.

భూఫలకాలు, అంటే భూమి పైపొరలోని భారీ రాతి పలకలు, ఢీకొనే హిమాలయాలు మనకు దూరమే. కానీ మన ఫలకం ఏటా 5 సెంటీమీటర్ల చొప్పున ఉత్తరానికి జరుగుతూ ఆసియాను నెడుతోంది. పాత బల్లను గోడకేసి నొక్కితే మధ్యలో ఉన్న బీట కిర్రుమంటుంది కదా, ఇదీ అలాగే. గోదావరి లోయ నిండా అలాంటి బీటలే. వీటినే భ్రంశాలు, ఫాల్టులు అంటారు.

వీటిలో ఏది బతికున్నట్టు, అంటే మళ్లీ కదలగలిగేది ఏది? కాలిఫోర్నియాలో లెక్క సులువు: గత 11,700 ఏళ్లలో కదిలిందా లేదా అని చూస్తారు. రెండు ఫలకాల అంచున ఉన్న అక్కడి శాన్ ఆండ్రియాస్ ఫాల్టు మీద కదలిక ఏటా సెంటీమీటర్లలో ఉంటుంది కాబట్టి ఆ గడువు సరిపోతుంది. ఫలకం నడుమ ఉన్న బీటలకు అదే కొలబద్ద పెడితే మాత్రం మోసపోతాం.

ఆస్ట్రేలియా నడిబొడ్డున టెనెంట్ క్రీక్ అనే ఊరుంది. 1988 జనవరి 22న 12 గంటల్లో అక్కడ మూడు భూకంపాలు వచ్చాయి, మూడూ 6 దాటినవే. 30 కిలోమీటర్లకు పైగా నేల చీలి గట్టులా లేచింది, గ్యాస్ పైపు వంకర్లు పోయింది. తర్వాత ఆ గట్టుకు అడ్డంగా కందకాలు తవ్వి మట్టి పొరలు చూస్తే, అంతకుముందు కనీసం 50 వేల ఏళ్లుగా కదిలిన ఆనవాలే లేదు.

మన పక్కనే మహారాష్ట్రలో ఉన్న కిల్లారిదీ ఇలాంటి కథే. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున వచ్చిన భూకంపంలో దాదాపు 10 వేల మంది పోయారు. అక్కడ ఫాల్టు ఉందని అంతకుముందు ఏ మ్యాపూ చెప్పలేదు. అంత ఘోరం జరిగాక నేల మీద కనిపించింది సుమారు కిలోమీటరు పొడవున, మీటరు కూడా లేవని చిన్న గట్టు. నల్లరేగడి చేలో అలాంటి గట్టు ఎన్ని వానలకు, ఎన్ని దుక్కులకు ఆగుతుంది? ఆనవాలు చెరిగిపోవడం వేరు, కదలకపోవడం వేరు.

అందుకే నా మటుకు "ఎప్పుడు కదిలింది" అన్నదానికన్నా "ఇప్పటి ఒత్తిడికి ఎదురుగా ఉందా, పక్కకు ఉందా" అన్నదే అసలు ప్రశ్న. బీట ఏ దిక్కుకు వాలి ఉంది, దాని వెంట చిన్న చిన్న కంపాలు నమోదవుతున్నాయా అన్నవి కూడా చూడాలి. అయినా నియమాలకు అంకె కావాలి కదా! అణు విద్యుత్ కేంద్రాల స్థలాలకు 1988 నాటికి అమెరికా పెట్టిన షరతుల్లో మొదటిది, దగ్గరున్న ఫాల్టు గత 35 వేల ఏళ్లలో ఒక్కసారైనా కదిలిందా అని. 1988 జనవరి 21న అడిగి ఉంటే టెనెంట్ క్రీక్ బీట ఆ పరీక్ష పాసయ్యేది.