ఊరుమ్మడి ఆంబోతు, సిమెంటు పొగ

చిరంజీవులు మేఘనకి, కార్తీక్‌కి, మీ అపార్ట్‌మెంట్‌లో ఈ ఉత్తరం చదివే పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో మేఘన ఒక ప్రశ్న అడిగింది. పక్క నుంచి వాళ్ళమ్మ "హోంవర్కు, హోంవర్కు" అంటుంటే నాకే టెన్షన్ వచ్చి ఫోన్ పెట్టేశాను. ప్రశ్న మాత్రం మనసులో ఉండిపోయింది. "తాతయ్యా, ఫ్యాక్టరీల పొగ పట్టుకోవడానికి బడ్జెట్‌లో 20,000 కోట్లు పెట్టారట. ఆ డబ్బుతో చెట్లు నాటొచ్చుగా? అయినా పొగ వదిలేది కంపెనీలైతే డబ్బులు మనమెందుకు ఇవ్వాలి?"

నిజమే. 2026 ఫిబ్రవరి 1న బడ్జెట్ ప్రసంగంలో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ఆ మాట చెప్పారు. వచ్చే ఐదేళ్ళకు 20,000 కోట్లు. కరెంటు, ఉక్కు, సిమెంటు, ఆయిల్ రిఫైనరీలు, రసాయనాలు, ఈ ఐదు రంగాల పొగలోంచి కార్బన్ డయాక్సైడ్‌ని విడదీసి పట్టుకునే పద్ధతులు పెంచడానికి. దేశంలో 140 కోట్ల మందిమి అనుకుంటే తలకి 143 రూపాయలు పడుతుంది, అదీ ఐదేళ్ళకి కలిపి. మీ ఇద్దరూ ఒక సాయంత్రం తినే పానీపూరి, ఐస్‌క్రీమ్ బిల్లు అంత. అయినా అది మన డబ్బే, అడగాల్సిందే.

ముందు చెట్ల సంగతి. చెట్లు నాటండి, ఎవరు వద్దన్నారు? కానీ లెక్క చూడండి. ఏడాదికి 20 లక్షల టన్నుల సిమెంటు చేసే ఫ్యాక్టరీ ఒకటి ఉందనుకోండి. టన్ను సిమెంటుకి సుమారు 600 కిలోల కార్బన్ డయాక్సైడ్ గొట్టంలోంచి పోతుంది. అంటే ఏడాదికి 12 లక్షల టన్నులు. బాగా ఎదిగిన చెట్టు ఏడాదికి 20 కిలోల దాకా పీల్చుకుంటుందని లెక్క కడతారు. ఆ ఒక్క ఫ్యాక్టరీకే 6 కోట్ల చెట్లు కావాలి. వాటిని నాటాలి, నీళ్ళు పోయాలి, మేకలు మేయకుండా చూడాలి, ఎవరూ నరికి పొయ్యిలో పెట్టకుండా చూడాలి. ఆ ఆఖరిది మన ఊళ్ళలో ఎంత కష్టమో మీకు తెలియదు, నాకు తెలుసు.

"మరైతే బొగ్గు మానేసి సోలార్ పెట్టుకోవచ్చుగా" అని కార్తీక్ అంటాడు, నాకు తెలుసు. కరెంటు విషయంలో వాడిది సరైన మాటే. సిమెంటులో మాత్రం ఒక చిక్కుంది. అది చెప్పాలంటే పలనాడు తీసుకెళ్ళాలి మిమ్మల్ని.

నా చిన్నప్పుడు పిడుగురాళ్ళ వైపు సున్నపు బట్టీలు వరసగా ఉండేవి. మా మేనమామ ఒక బట్టీలో లెక్కలు రాసేవాడు. సెలవులకి వెళితే నేను అక్కడే పడుండేవాణ్ణి. ఒక వరస సున్నపురాయి, ఒక వరస బొగ్గు, మళ్ళీ రాయి, మళ్ళీ బొగ్గు, అలా పేర్చి కాల్చేవాళ్ళు. కాలి చల్లారాక కింది నుంచి తెల్లటి గడ్డలు లాగేవాళ్ళు. ఒకసారి నన్నొక గడ్డ ఎత్తమన్నాడు మామయ్య. రాయి ఎంత ఉందో గడ్డా అంతే ఉంది. ఎత్తితే చెయ్యి తేలిపోయింది. బరువులో సగానికి కాస్త ఎక్కువ మాత్రమే మిగిలింది! "మిగతాది ఏమైంది మామయ్యా?" అంటే పైకి చూపించాడు. ఆకాశం తప్ప ఏమీ కనపడలేదు.

శుద్ధమైన సున్నపురాయి 100 కిలోలు కాలిస్తే 56 కిలోల సున్నం వస్తుంది. 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్ అయి గాల్లో కలిసిపోతుంది. ఇది బొగ్గు మండితే వచ్చినది కాదు, రాయి కడుపులోంచి వచ్చినది. సిమెంటు కిల్న్‌లోనూ (సిమెంటు కాల్చే పెద్ద కొలిమి) జరిగేది అదే, ఇంకా ఎక్కువ వేడిలో, 1,450 డిగ్రీల దాకా. సిమెంటు ఫ్యాక్టరీ వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో సగానికి పైగా రాయిలోంచే వస్తుంది. సోలార్ పెట్టినా, గాలిమర పెట్టినా ఆ వాటా తగ్గదు. మీ అపార్ట్‌మెంట్ పునాది నుంచి పోలవరం స్పిల్‌వే దాకా అంతా సిమెంటే కదా. అందుకే దాన్ని గొట్టం దగ్గరే పట్టుకోవాలంటున్నారు.

ఎలా పడతారు? అమైన్లు అని కొన్ని ద్రవాలున్నాయి, కుళ్ళిన చేపల కంపు కొడతాయి. చల్లార్చిన పొగని ఎత్తైన టవర్‌లో కింది నుంచి పంపుతూ పై నుంచి ఈ ద్రవాన్ని చల్లుతారు. కార్బన్ డయాక్సైడ్ ద్రవాన్ని అంటిపెట్టుకుని కిందికి దిగుతుంది, మిగతా గాలి పైకి పోతుంది. తర్వాత ఆ ద్రవాన్ని ఇంకో టవర్‌లో కాగబెడితే పట్టుకున్నదాన్ని వదిలేస్తుంది, దాన్ని విడిగా తీసుకుంటారు. ద్రవం మళ్ళీ మొదటి టవర్‌కి. దీనికి అమెరికాలో పేటెంటు 1930లోనే వచ్చింది. నేను సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబ్‌లో ఉద్యోగానికి చేరేనాటికే అది పాత సంగతి. మరి ఇంకా పరిశోధన దేనికంటే, ఆ కాగబెట్టడానికి అయ్యే ఆవిరి ఖర్చు చూస్తే ఏ యజమానికైనా కళ్ళు తిరుగుతాయి. పైగా పట్టుకున్న దాన్ని అమ్ముదామంటే కొనేవాళ్ళు తక్కువ. సోడా కంపెనీలు ఎంతని కొంటాయి?

ఇక డబ్బులు మనమెందుకు ఇవ్వాలి అన్నావు చూడు మేఘనా, దానికి మా ఊరి ఆంబోతు కథ చెప్పాలి.

మా ఊళ్ళో ఒక మంచి ఒంగోలు కోడెని దేవుడి పేరున అచ్చు వేసి వదిలారు. అది నాగలి కట్టదు, బండి లాగదు. పని చెయ్యకుండా గంపెడు తినే పశువుని ఏ రైతు తన కొట్టంలో కట్టేసుకుంటాడు? ఎవరూ కట్టుకోరు. కానీ అది లేకపోతే ఊళ్ళో మంచి దూడలు పుట్టవు. అందుకని ఊరంతా కలిసి మేపేది. ఒక ఇంట ఉలవలు, ఒక ఇంట తవుడు, తెలగపిండి. చేలో పడితే అదిలించేవాళ్ళే గానీ కర్ర ఎత్తేవాళ్ళు కాదు. మా నాయనమ్మ దాని గంగడోలు నిమురుతూ కబుర్లు కూడా చెప్పేది. రెండు మూడేళ్ళు పోయాక చూస్తే ఊళ్ళో ప్రతి కొట్టంలో ఎత్తు మూపురం దూడలు. దూడ ఎవరింట పుడితే వాళ్ళది. మేత మాత్రం అందరిదీ.

పరిశోధన అనేది అలాంటి పశువు. మొదటి ఏళ్ళలో తినడమే దాని పని. ఏ కంపెనీ అయినా సొంత డబ్బు పోసి కొత్త పద్ధతి కనిపెడితే, ఖర్చు దానిది, నేర్చుకున్న పాఠం అందరిదీ అవుతుంది. అందుకని ఎవరికి వాళ్ళు "ముందు పక్కవాడు కానీ" అని కూర్చుంటారు. అక్కడ ఊరుమ్మడి సొమ్ము దిగాలి.

ఇప్పుడు మన దగ్గర మేస్తున్నవి చూడండి. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ 2025లో సిమెంటు కోసమే ఐదు ప్రయోగ కేంద్రాలు ప్రకటించింది. ప్రతి దాంట్లో ఒకవైపు చదువుల సంస్థలు, ఇంకోవైపు ఒక సిమెంటు కంపెనీ. ఒకదాంట్లో మన తిరుపతి ఐఐటీ వాళ్ళున్నారు. ద్రవాన్ని కాగబెట్టే బాధ లేకుండా, వాయువుని ఘనపదార్థాలకి అంటించి, పీడనం తగ్గించి దులిపేసే పద్ధతి మీద పని చేస్తున్నారు. హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో ఇంకొకటి, రోజుకి 2 టన్నులు పట్టి దాన్ని కాంక్రీటు దిమ్మెల్లాంటి వాటికి వాడదామని. 2 టన్నులు! నేను పైన చెప్పిన ఫ్యాక్టరీ రోజుకి 3,000 టన్నులకి పైగా వదులుతుంది. మధ్యప్రదేశ్‌లోని వింధ్యాచల్ థర్మల్ కేంద్రంలో 2022లో ప్రభుత్వ కరెంటు సంస్థ ఎన్‌టీపీసీ పెట్టినది రోజుకి 20 టన్నులు పడుతుంది. ఇవన్నీ ఇంకా పాలు తాగే దూడలు. నవ్వకండి, దూడని చూసి ఎవరూ నవ్వరు.

అన్ని ఆంబోతులూ ఒక్కలా ఉండవని కూడా చెప్పాలి. మా ఊరి మొదటిది మంచిది. దాని తర్వాత వదిలింది చూడ్డానికి ఏనుగంత, తినడంలో దాని తాత. దూడలు మాత్రం లేవు. పెద్దలు రచ్చబండ దగ్గర చేరి ఇంకో ఏడు చూద్దాం, ఇంకో ఏడు చూద్దాం అని ఊరి మేతంతా దానికి పోయించారు. అమెరికాలోనూ ఇలాగే అయింది. బొగ్గు కరెంటు కేంద్రాలకి పొగ పట్టే ఎనిమిది ప్రాజెక్టులకి అక్కడి ఇంధన శాఖ దాదాపు 68 కోట్ల డాలర్లు పోసింది. వాటిలో కట్టి నడిపించింది ఒక్కటే, టెక్సస్‌లోని పెట్రా నోవా. అదీ 2017లో మొదలై, పట్టిన వాయువుని బావుల్లోకి ఎక్కించి తోడే చమురు ధర పడిపోగానే 2020లో ఆగిపోయింది, మళ్ళీ 2023లో గానీ లేవలేదు. ఈ లెక్కలు బయటపెట్టింది అక్కడి ప్రభుత్వ ఆడిట్ సంస్థే. అది నాకు నచ్చింది. మేత పోసినవాళ్ళకి దూడలెన్నో చెప్పాలి కదా.

నా మటుకు నాకు, మన 20,000 కోట్లలో బొగ్గు కరెంటుకి తక్కువ పెట్టాలని ఉంది. అక్కడ సోలార్ ఉంది, గాలి ఉంది, వేరే దారుంది. "పొగ పట్టేస్తాంలే" అని చెప్పి పాత బొగ్గు బాయిలర్లని ఇంకో ముప్పై ఏళ్ళు నడిపే ఉపాయం కింద ఇది మారకూడదు. సిమెంటుకి వేరే దారి లేదు. మేత అక్కడ పొయ్యాలి.

ఒకచోట మాత్రం నా ఆంబోతు మొరాయిస్తుంది. దూడ పెరిగి పాలిస్తుంది, ఎద్దయితే దుక్కి దున్నుతుంది, రైతుకి లాభం. పొగ పట్టినందుకు ఫ్యాక్టరీకి ఏం లాభం? పరిశోధన ఫలించి ఖర్చు సగమైనా, ఊరికే వదిలెయ్యడమే ఇంకా చవక. నార్వే వాళ్ళు దీనికి 1991లోనే ఒక మందు వేశారు. సముద్రంలో గ్యాసు తోడే కంపెనీలు కార్బన్ డయాక్సైడ్ వదిలితే టన్నుకింత అని పన్ను. ఆ పన్ను కట్టడం కంటే పాతిపెట్టడమే నయమని స్లెయిప్నర్ అనే చోట 1996 నుంచి సముద్రం అడుగున ఇసుకరాతి పొరల్లోకి ఎక్కించడం మొదలుపెట్టారు, ఏడాదికి పది లక్షల టన్నుల లెక్కన. మేత ఒక చేత్తో, ముల్లుకర్ర ఇంకో చేత్తో అన్నమాట. (ఆంబోతు మళ్ళీ లేచింది, చూశారా!)

అదే నార్వేలో బ్రెవిక్ అనే చోట సిమెంటు ఫ్యాక్టరీకి ఇలాంటి ప్లాంటు కట్టి 2025 జూన్‌లో ప్రారంభించారు. ఏడాదికి 4 లక్షల టన్నులు పట్టేలా కట్టారు, ఆ ఫ్యాక్టరీ వదిలే దాంట్లో ఇది సగం. దాన్ని చల్లబరిచి ద్రవంగా చేసి ఓడకెక్కిస్తారు, తీరం నుంచి సముద్రం కింద గొట్టంలో పంపి, సముద్రపు అడుగుకి ఇంకా 2,600 మీటర్ల లోతున రాతి పొరల్లో నింపుతారు. పట్టడం, మోయడం, పాతడం అన్నీ కలిపి మొత్తం పథకం ఖర్చులో సుమారు మూడింట రెండు వంతులు నార్వే ప్రభుత్వానిదే. ముప్పై ఏళ్ళు కిల్న్ పొగ కింద బతికినవాణ్ణి, ఆ వార్త చదివి మీ అమ్మమ్మని పిలిచి మరీ చెప్పాను. ఆవిడ "అయితే మన పలనాట్లో ఎప్పుడు?" అంది. నార్వేకి పక్కనే సముద్రం, డబ్బు రెండూ ఉన్నాయి. మనకి ఎక్కడ పాతాలన్నదే పెద్ద ప్రశ్న. దక్కను పీఠభూమి నల్లరాతిలో ఈ వాయువు రాయిగా మారుతుందా అని హైదరాబాదులోని ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు చాలాకాలంగా చూస్తున్నారు. ఐస్‌లాండ్‌లో అలాంటి రాతిలోకే నీళ్ళతో కలిపి ఎక్కిస్తే, అందులో 95 శాతానికి పైగా రెండేళ్ళలోపే రాయైపోయింది.

వాయువు రాయి అవడం ఏమిటని నమ్మబుద్ధి కాదు. మా ఇళ్ళల్లో అది ఏటా జరిగేది. సంక్రాంతి ముందు కుండలో సున్నపు గడ్డలేసి నీళ్ళు పోస్తే కుతకుత ఉడికేవి, పిల్లల్ని దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు. చల్లారాక కాస్త నీలిమందు కలిపి గోడలకి వెల్ల వేసేవాళ్ళం. ఆరేటప్పుడు, ఆ తర్వాత చాలా రోజులూ ఆ సున్నం గాల్లోంచి కార్బన్ డయాక్సైడ్‌ని లాక్కుని మళ్ళీ సున్నపురాయి అవుతూ ఉంటుంది. బట్టీలో పోయిన 44 కిలోలు మెల్లగా మా గోడ మీదికి వచ్చి కూర్చునేవన్నమాట. ఎవరూ పిలవకుండా, ఎవరూ ఖర్చు పెట్టకుండా! ఎంత సోద్యమో చూడండి.

నా మాట నమ్మక్కర్లేదు, మీరే చూడండి. కిళ్ళీ కొట్లో సున్నం కొనుక్కోండి, బఠాణీ గింజంత చాలు. గ్లాసుడు నీళ్ళలో కలిపి రాత్రంతా కదపకుండా ఉంచండి. పొద్దున పైన తేట మాత్రం ఇంకో గాజు గ్లాసులోకి వంచి, అంతే మంచినీళ్ళు కలపండి. స్ట్రాతో ఊదండి. పీల్చకూడదు, ఊదడమే. పక్కన నాన్నని కూర్చోబెట్టుకోండి, కళ్ళకి ఏదో ఒక అద్దాలు పెట్టుకోండి, సున్నం కంట్లో పడితే ప్రమాదం. కాసేపటికి నీళ్ళు పాలలా తెల్లబడతాయి. మీ ఊపిరిలోంచి వచ్చిన సున్నపురాయి అది. అక్కడితో ఆపకండి, వంతులేసుకుని చాలాసేపు ఊదండి. అప్పుడేమవుతుందో నేను చెప్పను. అరకు వెళ్ళినప్పుడు బొర్రా గుహల్లో పైనుంచి వేలాడే రాళ్ళు చూశారు కదా, అవి ఎలా వచ్చాయో దాంట్లోనే దొరుకుతుంది. ఏం కనిపించిందో ఆదివారం ఫోన్ చేసి చెప్పండి, ఈసారి హోంవర్కు అయ్యాక.

మీ తాతయ్య