గద్ద ముద్ర ఉంటే జర్మన్ పిస్టలేనా? రాదోం వీస్ వెనక కథ

రెండో ప్రపంచ యుద్ధం జర్మన్ పిస్టల్ అనగానే అందరూ లూగర్, వాల్తర్ పి38 పేర్లే చెప్తారు గానీ, నాజీ సైన్యం వాడినవాటిలో లక్షల పిస్టళ్లు అసలు జర్మనీలో పుట్టలేదు. ఆక్రమించిన దేశాల ఫ్యాక్టరీల్లో అక్కడి వాళ్ల చేతే చేయించి, పైన తమ ఇన్‌స్పెక్షన్ గద్ద ముద్ర కొట్టారు అంతే.

బెల్జియంలో ఎఫ్ఎన్ అనే ఆయుధాల కంపెనీ చేసిన హైపవర్ పిస్టల్ అలాంటిదే, దానికి పిస్టల్ 640(బి) అని పేరు పెట్టుకున్నారు, బ్రాకెట్‌లో అక్షరం ఏ దేశం సొత్తో చెప్తుంది. ఆ డిజైన్ పూర్తి చేసిన ద్యూదొనె సైవ్ బ్రిటన్‌కి తప్పించుకోవడంతో అదే పిస్టల్ కెనడాలో ఇంగ్లిస్ కంపెనీలో కూడా తయారైంది, మన ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో చేసే 9ఎంఎం పిస్టల్‌కి మూలం ఆ కెనడా మోడలే.

కానీ అన్నిట్లోకి గుండె పిండేసేది పోలండ్ వీస్ పిస్టల్ కథ. విల్నియెవ్‌చిత్స్, స్క్షిపిన్‌స్కి అనే ఇద్దరు తమ దేశ సైన్యం కోసం డిజైన్ చేశారు, రాదోం ఊళ్లో ప్రభుత్వ ఫ్యాక్టరీలో తయారయ్యేది, స్లైడ్ (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ కదిలే భాగం) మీద పోలండ్ జాతీయ చిహ్నం గద్ద ఉండేది. 1939లో జర్మన్లు ఊరు పట్టుకున్నాక ఆ గద్దని తీసేసి పి.35(పి) అని కొట్టి తయారీ మళ్లీ మొదలెట్టించారు, యుద్ధం అయ్యేలోపు 3 లక్షలకి పైనే చేయించారు. పిస్టళ్లు దొంగచాటుగా పోలిష్ రెసిస్టెన్స్‌కి, అంటే జర్మన్ల మీద రహస్యంగా పోరాడేవాళ్లకి, చేరతాయని భయపడి బ్యారెల్ తయారీ, ఫైనల్ అసెంబ్లీ మాత్రం ఆస్ట్రియాలో స్టైర్ కంపెనీకి ఇచ్చారు. అయినా కార్మికులు ఆగలేదు, విడిభాగాలు బయటికి చేరవేశారు, బ్యారెళ్లు రహస్యంగా వేరే చోట చేసుకున్నారు. అది బయటపడ్డాక 1942 అక్టోబర్‌లో ఫ్యాక్టరీ కార్మికులతో సహా పదుల మందిని రాదోంలో జనం చూస్తుండగా ఉరి తీశారు. పిస్టళ్ల మీద పుస్తకాల్లో ఈ ముక్క ఒక లైన్‌లో తేల్చేస్తారు, నాకు అది చాలా అన్యాయం అనిపిస్తుంది.

ఇక గందరగోళం అంతా చివర్లోనే. సోవియట్ సైన్యం దగ్గరికొచ్చేసరికి పని మొత్తం ఆస్ట్రియాకి మార్చారు. ఎక్కడ తయారైందో శత్రువుకి తెలియకూడదని జర్మన్లు కంపెనీ పేర్ల బదులు అక్షరాల కోడ్‌లు వాడేవాళ్లు, స్టైర్‌ది బీఎన్‌జెడ్. అలా చివర్లో వచ్చిన కొన్ని వీస్‌ల మీద రాదోం పేరు కూడా లేదు, ఆ కోడ్ ఒక్కటే ఉంది. అవి అరుదు కాబట్టి కలెక్టర్లు ఎంతైనా పెడతారు, ఆ ఆశతో నకిలీ ముద్ర కొట్టి ఉండొచ్చు కూడా, అందుకే ముద్ర చూసి నమ్మకుండా సీరియల్ నంబర్, ఫినిషింగ్, విడిభాగాలు అన్నీ ఒకదానితో ఒకటి కలుస్తున్నాయా లేదా చూస్తారు.