పదిహేను మంది, వంద మిలియన్లు

చిరంజీవులు చిన్నోడికీ, బుజ్జమ్మకీ దీవెనలు.

షేర్లు, మ్యూచువల్ ఫండ్లు ఎలా ఎంచుకుంటారని అడిగారు కదా. ఫాంటసీ ప్రీమియర్ లీగ్‌లో, అంటే ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ఆటగాళ్లని ఉత్తుత్తి డబ్బుతో కొని, వాళ్లు నిజం మ్యాచుల్లో ఆడినదాన్ని బట్టి పాయింట్లు తెచ్చుకునే ఆన్‌లైన్ ఆటలో, మీరు వారం వారం పడే తంటాలు చాలావరకు అవే. అందుకే మీకు తెలిసిన చోటి నుంచే చెబుతాను.

చేతిలో వంద మిలియన్ పౌండ్లు. ఇద్దరు గోల్‌కీపర్లు, ఐదుగురు డిఫెండర్లు, ఐదుగురు మిడ్‌ఫీల్డర్లు, ముగ్గురు ఫార్వర్డ్‌లు కావాలి. అందరూ ముందు పెద్ద పేర్లు రాసేసుకుని, చివర్లో డబ్బు చాలక తల పట్టుకుంటారు. లెక్క అడుగు నుంచి మొదలుపెట్టండి. బెంచి మీద కూర్చునే నలుగురికి, 4.0 మిలియన్ల చొప్పున కీపరూ డిఫెండరూ, 4.5 చొప్పున మిడ్‌ఫీల్డరూ ఫార్వర్డూ అనుకుంటే, 17 పోతుంది. మిగిలిన 83తో పదకొండు మంది రావాలి. 2024–25 సీజన్ మొదట్లో పెద్ద పేర్లలో హాలండ్ ధర 15.0, సలా ధర 12.5. ఇద్దర్నీ తీసుకుంటే మిగతా తొమ్మిదిమందికి తలా 6.1 చిల్లర. హాలండ్ ఖరీదు 15 అని మీరనుకుంటారు. అతని కోసం మిగతా చోట్ల ఎవరెవర్ని వదులుకున్నారో అదీ ఆ ఖరీదులోదే.

ఆ హాలండ్‌నే ఇంకాస్త దగ్గరగా చూడండి. 2022–23లో 11.5కి దొరికాడు, లీగ్‌లో 36 గోల్స్ కొట్టాడు. మరుసటి ఏడు ధర 14.0, గోల్స్ 27. ఆ పై ఏడు ధర 15.0, గోల్స్ 22. ఆటగాడు చెడిపోలేదు, 22 గోల్స్ కొట్టేవాళ్లు ఎంతమంది? కానీ పోయినేటి గోల్స్‌కి ఈ ఏడు డబ్బు కడుతున్నాం. అదే 2024–25లో 12.5కి దొరికిన సలా 344 పాయింట్లు తెచ్చాడు. పోయినేడు ఏ ఫండ్ ఎక్కువ పెరిగిందో చూసి దాంట్లో డబ్బు వేసేవాళ్లు సరిగ్గా ఈ పనే చేస్తారు. కంపెనీ మంచిదా అన్నది ఒక ప్రశ్న, ఈ ధరకి మంచిదా అన్నది వేరే ప్రశ్న.

ఒక క్లబ్బు నుంచి ముగ్గురికి మించకూడదన్న నిబంధన మీకు విసుగు. ఆ ముగ్గురితోనే ఎంత దెబ్బ తగులుతుందో చూడండి. ఒకే జట్టు కీపర్నీ ఇద్దరు డిఫెండర్లనీ పెట్టారు. ఆ జట్టు మీద గోల్ పడకపోతే (దాన్నే క్లీన్ షీట్ అంటారు) తలా 4 పాయింట్లు, మొత్తం 12. తొంభయ్యో నిమిషంలో కార్నర్ నుంచి ఒక బంతి లోపలికి పోతే, మైదానంలో ఉన్న ఆ ముగ్గురి క్లీన్ షీట్ పాయింట్లూ ఒక్కసారే గల్లంతు. మీ జాబితాలో పేర్లు మూడున్నా, మీరు వేసిన పందెం ఒక్కటే. లార్జ్ క్యాప్ ఫండ్లు మూడు కొని డబ్బు విడదీశామనుకునేవాళ్ల పరిస్థితీ ఇదే. ఆ తరహా ఫండ్ కనీసం 80 శాతం డబ్బుని మార్కెట్ విలువలో తొలి వంద కంపెనీల్లోనే పెట్టాలని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నియమం. దాంతో మూడింట్లోనూ చాలావరకు ఆ పేర్లే తిరుగుతుంటాయి. యాభై పెద్ద కంపెనీల సూచీ నిఫ్టీ 50లో కూడా విలువలో మూడో వంతు పైనే బ్యాంకులూ ఫైనాన్స్ కంపెనీలే. యాభై పేర్లున్నాయని మురిసిపోకుండా, ఏది పడితే ఏవేవి కలిసి పడతాయో చూసుకోవాలి.

ఇక మీ ఇద్దరి అసలు జబ్బు ట్రాన్స్‌ఫర్లు, అంటే ఒకణ్ణి తీసేసి ఇంకొకణ్ణి కొనడం. వారానికి ఒకటి ఉచితం, వాడకపోతే ఐదు దాకా పోగవుతాయి. అంతకు మించితే ఒక్కోదానికి 4 పాయింట్ల కోత. 2 పాయింట్లు తెచ్చేవాణ్ణి తీసేసి 5 తెచ్చేవాణ్ణి కొంటే, లాభం 3, కోత 4. కష్టపడి ఒక పాయింటు పోగొట్టుకున్నారన్నమాట. కొత్తవాడు కనీసం రెండు మూడు వారాలు ఉంటాడనుకుంటేనే ఆ కోతకి అర్థం. ఇంకో దొంగదెబ్బ ఉంది. 6.0కి కొన్నవాడి ధర 6.3 అయితే, అమ్మినప్పుడు మీకొచ్చేది 6.1. లాభంలో సగమే, అదీ కిందికి సవరించి. మళ్లీ అతనే కావాలంటే 6.3 పెట్టాలి.

ఫండ్లలోనూ ఇంతే. లక్ష పెట్టిన ఈక్విటీ (షేర్ల) ఫండ్ ఎనిమిది నెలలకు 1,10,000 అయింది, పక్క ఫండ్ ఇంకా బాగుందని అమ్మేశారనుకోండి. చాలా ఫండ్లలో ఏడాది లోపు తీస్తే ఒక శాతం కోత, దాన్ని ఎగ్జిట్ లోడ్ అంటారు. ఇక్కడ అది 1,100. మిగిలిన 8,900 లాభం మీద 20 శాతం పన్ను, సెస్సు కాకుండానే 1,780. చేతికొచ్చేది 1,07,120. కొత్త ఫండ్ దాదాపు 2.7 శాతం పెరిగితే గానీ మీరు మొదట నిలబడ్డ చోటికి రారు. ఏడాది దాటాక అమ్మితే పన్ను 12.5 శాతమే, అదీ ఒక ఆర్థిక సంవత్సరంలో లక్షా పాతిక వేలు దాటిన లాభం మీదే.

బెంచి సంగతి క్లుప్తంగా. మైదానంలోకి అసలు దిగనివాడి బదులే బెంచివాడు లోపలికొస్తాడు, అదీ తన మ్యాచ్ తను ఆడి ఉంటేనే. చవగ్గా వచ్చాడని తన క్లబ్బులోనే చోటు లేనివాణ్ణి పెట్టుకుంటే, అవసరానికి సున్నా. ఇంట్లో ఆర్నెల్ల ఖర్చుకి ఉంచే డబ్బు కూడా అడిగిన రోజు చేతికి రావాలి. దాన్ని స్థలం మీద పెట్టినవాళ్లు ఆస్పత్రి బిల్లు రోజున అప్పుకి పరుగెత్తుతారు.

పోలిక అన్నిచోట్లా అతకదు. కెప్టెన్‌కి పాయింట్లు రెట్టింపు, రెడ్ కార్డ్ పడితే నష్టమూ రెట్టింపే. మార్కెట్లో అలాంటిది అప్పు చేసి షేర్లు కొనడం. కెప్టెన్‌ని చేసినందుకు ఎవరూ వడ్డీ అడగరు. పైగా అతను ఆడకపోతే వైస్ కెప్టెన్ ఉన్నాడు. అప్పుకి అలాంటివాడు లేడు. అన్నిటికన్నా పెద్ద తేడా ర్యాంకు. మీరు స్నేహితుల కన్నా వెనకబడితే, ఎవరూ తీసుకోనివాణ్ణి కెప్టెన్‌గా పెట్టి తెగించడం తెలివే, ఎందుకంటే 38 వారాలకు ఆట అయిపోతుంది, ఆగస్టులో అందరూ మళ్లీ సున్నా నుంచే. బుజ్జమ్మ చదువుకి దాచే డబ్బు ఎవర్నీ దాటక్కర్లేదు, ఫీజు కట్టే నాటికి సరిపోతే చాలు. అక్కడ తెగింపుతో పని లేదు.

అన్నట్టు, మీరాడేది ఉచితం కాబట్టే ఇదంతా రాశాను. డబ్బు కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు వేరు, వాటిని 2025లో పార్లమెంటు చట్టం చేసి నిషేధించింది.

వచ్చే శనివారం ట్రాన్స్‌ఫర్ నొక్కే ముందు నోటుపుస్తకంలో మూడు రాయండి: ఎవర్ని తీస్తున్నారు, ఎందుకు, కొత్తవాణ్ణి ఎన్ని వారాలు ఉంచుతారు. నాలుగు వారాల తర్వాత తీసి చూసి నాకు రాయండి. గడువు మొదటి మ్యాచ్‌కి గంటన్నర ముందు. ఇంగ్లండ్‌లో శనివారం మధ్యాహ్నం పన్నెండున్నరకి మ్యాచ్ అయితే, గడువు మన టైములో మధ్యాహ్నం మూడున్నర. అక్టోబరు చివర్లో వాళ్లు గడియారాలు వెనక్కి తిప్పాక నాలుగున్నర.

మీ పెదనాన్న